అప్‌డేట్: ఎస్‌యూ-76ఎంకి పైకప్పు ఎందుకు లేదు?

ఎస్‌యూ-76ఎం అంటే రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ వాళ్లు వాడిన, ఫిరంగి బిగించిన కవచ వాహనం. ఈ బండికి పైన ఎందుకు తెరిచి వదిలేశారని ఇంతకుముందు అడిగాను కదా. డబ్బు ఆదా కోసమని కొందరు, బరువు తగ్గించడానికని కొందరు అన్నారు. ఆ తర్వాత డ్రాయింగులు ముందు పెట్టుకుని చూస్తే అసలు విషయం తెలిసింది.

టీ-70 తేలిక ట్యాంక్ చాసిస్‌ని (అడుగు చట్రాన్ని) పొడిగించి, వైపుకు 6 చక్రాలు పెట్టి, వెనక 76.2 మి.మీ. జిస్-3 ఫిరంగి కూర్చోబెట్టారు. 1942 చివర్లో వచ్చిన మొదటి రకానికి పైకప్పు ఉండేది. కాల్చిన ప్రతిసారీ పొగ లోపలే నిండిపోయేది. పై భాగం తీసేశాక గాలి ఆడింది. గుండ్లు అందించడం, చుట్టూ చూడడం, పక్కన నడిచే పదాతి దళంతో మాట్లాడడం కూడా తేలికైంది. కానీ పైనుంచి పడే మోర్టార్ ముక్కలకీ, మంచుకీ అడ్డు లేదు. వానొస్తే టార్పాలిన్ ఒక్కటే దిక్కు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం ఇంజిన్ల మార్పు. మొదటి రకంలో రెండు ఇంజిన్లు పక్కపక్కనే ఉండి, ఒక్కోటి ఒక్కో గేర్‌బాక్స్‌ని తిప్పేది. రెండూ ఒకే వేగంతో నడవక గేర్లు, షాఫ్టులు పాడయ్యేవి. 1943లో వచ్చిన ‘ఎం’ రకంలో ఆ రెండింటినీ ఒకదాని వెనక ఒకటి బిగించి, ఒకే గేర్‌బాక్స్‌కి కలిపారు. ఆ బాధ తీరింది. ఇంత చక్కని పరిష్కారానికి రావాల్సిన పేరు రాలేదనే నా అభిప్రాయం.

ముందు కవచం 35 మి.మీ. మాత్రమే, బరువు 10.5 టన్నులు. అయినా అన్ని రకాలూ కలిపి దాదాపు 14,000 తయారయ్యాయి. టీ-34 తర్వాత యుద్ధంలో సోవియట్లు ఎక్కువగా తయారుచేసిన కవచ వాహనం ఇదే.

ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.