పాత ప్రైవేటు హైస్కూలు చరిత్ర రాస్తున్నాం: ఉర్దూ రిజిస్టర్లు, ఫస్లీ తేదీలు ఎట్ల చదవాలి?

పాతబీరువా అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మహబూబ్‌నగర్ జిల్లాలో నిజాం కాలంలో ఊరి పెద్దలు చందాలేసుకొని పెట్టిన ప్రైవేటు హైస్కూలు మాది. తర్వాత ఎయిడెడ్ అయింది, ఇప్పుడు జూనియర్ కాలేజీ కూడా నడుస్తున్నది. పూర్వ విద్యార్థుల సంఘం తరఫున 120 పేజీల చరిత్ర తేవాలని పని మొదలుపెట్టినం. బీరువాలో 14 అడ్మిషన్ రిజిస్టర్లు, 3 కమిటీ మినిట్స్ పుస్తకాలు, రెండు మూటల ఫీజు రసీదులు ఉన్నయి. మొదటి 4 రిజిస్టర్లు పూర్తిగా ఉర్దూలో ఉన్నయి. తేదీల దగ్గర 1345, 1352 అని కనబడుతున్నది. వీటిని ఇంగ్లిష్ సంవత్సరాల్లోకి ఎట్ల మార్చాలి? కాగితం ముట్టుకుంటే విరుగుతున్నది, ఫోటోలు ఎట్ల తీయాలి? హెడ్‌మాస్టర్ల జాబితా, సన్మానాల ఫోటోలు తప్ప పుస్తకంలో ఇంకేం పెట్టొచ్చు?

దఫ్తర్_ఉర్దూ:

అన్నా, ముందు అది ఫస్లీనా (నిజాం సర్కారు దఫ్తర్లలో నడిచిన పంటల లెక్క క్యాలెండరు) హిజ్రీనా (ముస్లింల చాంద్రమాన క్యాలెండరు) తేల్చుకోండి. సంవత్సరం పక్కన ‘ఫే’ అక్షరం ఉంటే ఫస్లీ, ‘హే’ ఉంటే హిజ్రీ. 1345 ఫస్లీ అంటే 1935-36. అదే 1345 హిజ్రీ అయితే 1926-27. ఇక్కడ పొరపాటు పడితే బడి వయసు ఒక్కసారిగా తొమ్మిదేండ్లు పెరుగుతది. జూబిలీ సంచికల్లో స్థాపన సంవత్సరం తప్పు పడేది ఎక్కువగా దీనివల్లనే.

హైదరాబాద్ రాజ్యపు ఫస్లీ ఏడాది అజుర్ నెలతో, అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. వరుస ఇది: అజుర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్ది, ఉర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. అజుర్, దై, బహమన్ నెలలకు 590 కలపండి, మిగతా తొమ్మిదింటికి 591. దై 1345 అంటే 1935 నవంబరు ప్రాంతం, ఖుర్దాద్ 1345 అంటే 1936 ఏప్రిల్ ప్రాంతం. బహమన్ చివరి రోజులు జనవరిలో పడొచ్చు. అట్లాంటి చోట పక్కనే ఇంగ్లిష్ తేదీ రాసి ఉందేమో చూడకుండా సంవత్సరం వేయొద్దు. మీ లెక్క సరిగ్గా ఉందా అని చూసుకోవడానికి ఒక గుర్తు: 1948 సెప్టెంబరు పోలీసు చర్య ఆబాన్ 1357లో పడాలి.

అంకెల్లో మోసం చేసేవి ఏడు, ఎనిమిది. ఏడుకు మొన కిందికి, ఎనిమిదికి మొన పైకి ఉంటది. పేజీ ఫోటో తలకిందులైతే రెండూ తారుమారైతయి. రెండుకు పైన ఒక పల్లు, మూడుకు రెండు పళ్ళు. సిరా వెలిసినచోట ఆ రెండో పల్లు పోతది.

పేర్లు ఇంకా కష్టం. ఉర్దూలో పొట్టి అచ్చులు రాయరు కాబట్టి చెన్నయ్య, చిన్నయ్య ఒక్క తీరుగనే కనబడతరు. ళ, ణ లేవు. ఊరి పేర్లు కూడా ఇంతే. ఉర్దూ వచ్చినవాళ్ళు ఒక్కరే చదివితే సరిపోదు. పక్కన ఆ చుట్టుపక్కల ఊర్లు, ఇంటిపేర్లు తెలిసిన మనిషి కూర్చోవాలి.

రసీదుల్లో రూపాయలు కూడా చూడండి. ‘హాలీ’ అంటే నిజాం సిక్కా, ‘కల్దార్’ అంటే బ్రిటిష్ ఇండియా రూపాయి. సుమారుగా 7 హాలీ రూపాయలకు 6 కల్దార్. ఫీజుల పట్టిక వేసేటప్పుడు ఏ రూపాయో రాయకపోతే ఆ పట్టికకు అర్థం ఉండదు.

కాగితంపురుగు:

మేడమ్ గారో సార్ గారో తెలియదు, ఒక్క మాట ముందే చెప్తున్న: జిరాక్స్ మిషను మీద పెట్టకండి. మూత అదిమితే కుట్టు తెగుతది, పేజీ వెన్ను దగ్గర విరుగుతది. సెల్లోటేపు అసలే వద్దు. కొన్నేండ్లకు దాని జిగురు పసుపుపచ్చగా కాగితంలోకి దిగి అక్షరాలను తినేస్తది. ఎండలో ఆరబెట్టొద్దు, సిరా వెలుస్తది.

పుస్తకాన్ని పూర్తిగా పరచకుండా సగమే విప్పండి. రెండు పక్కలా దిండ్లు పెట్టి నాగలి చాలులాగా ఆనిస్తే వెన్ను మీద బరువు పడదు. ఫోను స్టాండుకు బిగించి పేజీకి సమాంతరంగా ఉంచండి. రెండు ఎల్‌ఈడీ దీపాలు చెరో పక్క నుంచి ఏటవాలుగా పడాలి, ఫ్లాష్ వద్దు. ఒకరు పేజీ తిప్పాలి, ఒకరు ఫోటో తీయాలి. తిప్పే చేతులు కడుక్కొని పూర్తిగా ఆరి ఉండాలి. పేజీ మూల పట్టి లాగితే ముక్క చేతికొస్తది, కింద సన్నటి అట్టముక్క దూర్చి ఎత్తండి.

ఉర్దూ రిజిస్టర్ కుడి నుంచి మొదలవుతది. మనకు చివరి అట్టలా కనబడేదే మొదటి అట్ట. ఇది మరిచి ఎడమ నుంచి నంబర్లు వేస్తే తర్వాత సరిదిద్దడానికి వారాలు పడతది. ప్రతి రిజిస్టర్‌కు మొదటి ఫోటోలో దాని నంబరు రాసిన చీటీ ఉండాలి. ఫైలు పేరు ‘రి02_పే017’ తీరుగా పెట్టండి. మూడు ప్రతులు తీసి ఒకటి బడి బయట దాచండి.

బీరువా గోడకు జానెడు ఎడంగా జరపండి. చెదలు గోడ వెంటనే ఎక్కుతయి. మందు మాత్రం కాగితాల మీద కొట్టకండి.

నల్లగొండ_పంతులు:

పుస్తకంలో ఏం పెట్టాలనేదానికి నా మాట: అడ్మిషన్ రిజిస్టరే చరిత్ర. హెడ్‌మాస్టర్ల జాబితా ఒక పేజీ చాలు. తండ్రి వృత్తి, వచ్చిన ఊరు, అంతకుముందు చదివిన బడి, చేరిన తరగతి, విడిచిన కారణం: ఈ అయిదు గడులనే ఎక్సెల్‌లోకి ఎక్కించండి. ఎంత దూరం నుంచి పిల్లలు నడిచొచ్చిండ్రో, రైతుల పిల్లలు ఎప్పటినుంచి ఎక్కువైండ్రో, ఆడపిల్ల పేరు మొదట ఎప్పుడు వచ్చిందో అక్కడే ఉంటది. విడిచిన కారణం గడిలో ‘ఫీజు చెల్లించలేదు’, ‘వలస’ అని ఉన్న వరుసలను వదిలేయకండి. పాలమూరు బడి చరిత్రలో పాసైనవాళ్ళ ఫోటోల కంటే ఆ వరుసలకే ఎక్కువ చోటు దక్కాలి.

పుట్టిన తేదీలను మాత్రం నమ్మొద్దు. వరుసగా జూన్ 1, జులై 1 కనబడితే అవి చేర్చుకున్నప్పుడు పంతులు వేసిన తేదీలు.

ఆ అయిదు గడుల్లో కనబడేదానికి కారణాలు బడి బయట ఉన్నయి, అవి కూడా రాయండి. అప్పట్లో ప్రైవేటు బడిని ఖాన్గీ బడి అనేవాళ్ళు, సర్కారు మంజూరీ లేకుండా పెట్టనిచ్చేవాళ్ళు కాదు. ఆ మంజూరీ నకలు మినిట్స్ పుస్తకంలో అతికించి ఉందేమో వెతకండి. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మాధ్యమంతో వచ్చింది. అక్కడ చదవాలంటే హైస్కూల్లో ఉర్దూ తప్పేది కాదు. తెలుగు చదువుకొని వచ్చిన పిల్లలను ఏ తరగతిలో కూర్చోబెట్టిండ్రో మీ రిజిస్టర్లో చూడండి. 1948 తర్వాత రిజిస్టర్ భాష ఏ పేజీలో మారిందో ఆ పేజీ ఫోటో పూర్తి సైజులో వేయండి. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వల్ల చదువులు ఆగినయి. ఆ ఏడు, తర్వాతి ఏడు ఒకే తరగతిలో అవే పేర్లు మళ్ళీ వస్తే ఫెయిలైనట్టు లెక్కపెట్టకండి. ఇప్పటి రెండేళ్ల ఇంటర్ 1969-70లో మొదలైంది, ఇంటర్ బోర్డు 1971లో ఏర్పడ్డది. అంతకుముందుది ఏడాది పీయూసీ (ప్రీ-యూనివర్సిటీ కోర్సు). పాత టీసీల్లో పీయూసీ అని ఉంటే దాన్ని ఇంటర్ అని మార్చి రాయొద్దు.

సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం మీద ‘1350 ఫస్లీ’ అని ఉంటే అది మీ బడి పుట్టిన సంవత్సరం కాదు, తెలంగాణ ప్రాంతపు సొసైటీల చట్టం పేరు. 2001లో కొత్త చట్టం వచ్చేదాకా రిజిస్టరైన సంఘాలన్నింటి మీదా అదే ఉంటది.

బడిలో దొరకనివాటికి తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు పోండి. బడి పేరుతో అడిగితే దొరకడం కష్టం. తాలూకా పేరు, ఫస్లీ సంవత్సరం, విద్యాశాఖ అని రాసుకొని పోండి. 2016లో జిల్లాలు విడిపోయినయి కాబట్టి డీఈవో ఆఫీసు ఫైళ్ళను పాత, కొత్త జిల్లా కేంద్రాలు రెండింటిలోనూ అడగాలి.

పాతబీరువా:

చాలా సంతోషం, ఇవాళే అట్టలు సరిచూసుకున్న. రెండో రిజిస్టర్‌కు నిజంగనే ఎడమ నుంచి నంబర్లు వేసినం, మళ్ళీ వేస్తం. చెన్నయ్యనా చిన్నయ్యనా తేలకపోతే పుస్తకంలో ఏ పేరు వేయాలి?

దఫ్తర్_ఉర్దూ:

టీసీ కౌంటర్‌ఫాయిల్ చూడండి, దాని మీద చాలాసార్లు తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో సంతకం ఉంటది. తండ్రి పేరు, ఊరు ఒక్కటే అయిన తమ్ముడో కొడుకో తర్వాతి తెలుగు రిజిస్టర్లలో ఉన్నడేమో చూడండి. అయినా తేలకపోతే రెండు పేర్లూ గీత పెట్టి వేయండి, ఊహించి ఒకటి వేయొద్దు. ఆ పేజీల ఫోటోలు ఇక్కడ పెడితే చదివి పెడత. పెట్టే ముందు కులం గడి, పుట్టిన తేదీ గడి కాగితంతో కప్పి తీయండి, వాళ్ళ ఇంటివాళ్ళు ఇంకా ఆ ఊర్లనే ఉంటరు.