కోడ్ పి0011: క్యామ్ సెన్సర్ మార్చినా లైట్ మళ్లీ వచ్చింది, చైన్ విప్పించాలా?

ఖమ్మం_బండి:
అన్నలూ, నాది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న 1.2 లీటర్ పెట్రోల్ కారు, 2014 మోడల్, 96 వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆపితే మాత్రం స్టీరింగ్ చేతిలో వణుకుతుంది, ఆర్‌పీఎం 800 నుంచి 500కి పడిపోతుంది, మొన్న వైరా రోడ్డులో రెండుసార్లు ఆగిపోయింది కూడా. చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే షాపులో స్కానర్ పెట్టి పి0011 అన్నారు. క్యామ్ సెన్సర్ పోయిందని 2,800 తీసుకుని మార్చారు. నాలుగో రోజు లైట్ మళ్లీ వచ్చింది, కోడ్ అదే. ఇప్పుడు క్యామ్‌ని ఇంజిన్‌తో కలిపి తిప్పే టైమింగ్ చైన్ విప్పాలంటున్నారు. అమ్మను ప్రతి వారం హైదరాబాద్ ఆస్పత్రికి తీసుకెళ్లాలి, దారిలో ఆగిపోతే ఎలా అని టెన్షన్‌గా ఉంది. విప్పించాలా?

ఆటోనగర్_వైరింగ్:
తమ్ముడూ, చైన్ జోలికి ఇప్పుడే వెళ్లకు. పి0011 అంటే ఇన్‌టేక్ క్యామ్, అదే గాలి లోపలికి వచ్చే వాల్వులను తెరిచే షాఫ్ట్, ఉండాల్సిన చోటు కన్నా ముందుకు తిరిగి ఉందని అర్థం. ఆ సంగతి ఈసీయూకి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పిందే క్యామ్ సెన్సర్, అంటే అది పనిచేస్తోంది. సెన్సర్ పోతే సాధారణంగా పి0340 వస్తుంది. క్యామ్‌ని ముందుకీ వెనక్కీ తిప్పేది ఇంజిన్ ఆయిలే. ఆ ఆయిల్‌ని ఎటు పంపాలో చూసేది వీవీటీ సాలినాయిడ్ వాల్వ్, మేం ఓసీవీ అంటాం. లోపల ఆయిల్ దారి మార్చే వేలెడంత కడ్డీ, అదే స్పూల్ ఉంటుంది, మడ్డి పట్టి అది అడ్వాన్స్ వైపు, అంటే క్యామ్‌ని ముందుకు తిప్పే వైపు ఇరుక్కుంటే నువ్వు చెప్పిన లక్షణాలన్నీ వస్తాయి. చల్లగా ఉన్నప్పుడు ఐడ్లింగే కాస్త ఎక్కువ కాబట్టి అప్పుడు తెలియదు.

ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడు, పోయినసారి ఏ గ్రేడ్ పోశారో బిల్లు వెతుకు. తర్వాత బండి వేడెక్కి వణుకుతున్నప్పుడే ఓసీవీ కనెక్టర్ పీకు. వణుకు తగ్గి ఐడ్లింగ్ కుదురుకుంటే వాల్వ్‌కి అనవసరంగా కరెంట్ వెళ్తోందని, అప్పుడు వైరింగ్ చూడాలి. పీకినా ఏ మార్పూ లేకపోతే స్పూల్ గానీ, ఆయిల్ ఒత్తిడితో క్యామ్‌ని తిప్పే ఫేజర్ (క్యామ్ మీదే ఉంటుంది) గానీ ఇరుక్కుంది. కనెక్టర్ పీకినందుకు పి0010 కొత్తగా రావచ్చు, కంగారుపడకు, తర్వాత చెరిపేయొచ్చు.

సూర్యాపేట_డీజిల్:
అన్న చెప్పింది కరెక్టే, ఒక్కటి కలుపుతాను. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగల శబ్దం వస్తోందా? క్యామ్‌కీ క్రాంక్‌కీ లెక్క కుదరడం లేదని చెప్పే పి0016 కోడ్ కూడా పడిందా? ఈ రెండూ ఉంటే చైన్ సాగిందేమోనని అనుమానించాలి, లేకపోతే విప్పడం దండగ ఖర్చు. నాకు ఇదే జరిగినప్పుడు సెన్సర్లు రెండూ మార్పించారు, చివరికి చూస్తే కనెక్టర్‌లోకి ఆయిల్ దిగి పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంది. కనెక్టర్ పీకినప్పుడు లోపలికి టార్చ్ వేసి చూడండి. స్కానర్‌లో క్యామ్ యాంగిల్ లైవ్‌గా చూపించమనండి, ఫోన్‌కి పెట్టుకునే చవక డాంగిల్‌లో అది చాలాసార్లు రాదు. ఐడ్లింగ్‌లో టార్గెట్ సున్నా దగ్గరుండి అసలుది 20 డిగ్రీలు చూపిస్తే క్యామ్ ఇరుక్కున్నట్టే.

ఖమ్మం_బండి:
అన్నలూ, డిప్‌స్టిక్‌లో ఆయిల్ కింది గీతకే అందలేదు. బిల్లులో 20డబ్ల్యూ-50 అని ఉంది, మాన్యువల్ చూస్తే 5డబ్ల్యూ-30, అంటే ఇంకా పల్చటి ఆయిల్. ముందు లెవెల్ వరకూ ఆయిల్ పోసి బండి వేడెక్కనిచ్చి కనెక్టర్ పీకాను, వణుకు తగ్గలేదు. గలగల లేదు, వేరే కోడూ లేదు.

ఆటోనగర్_వైరింగ్:
అయితే ఇంజిన్ చల్లారాక వాల్వ్ బయటికి తీయించు, సాధారణంగా ఒక్క బోల్టే. మల్టీమీటర్‌తో రెండు పిన్నుల మధ్య ఓమ్‌లు చూడు. చాలావాటిలో 7, 8 దగ్గర ఉంటుంది, మీ బండికి మాన్యువల్‌లో ఉన్న అంకే లెక్క. అసలు రీడింగే రాకపోతే కాయిల్ తెగింది. తర్వాత 12 వోల్టులు ఒక్క సెకను తగిలించు, ఎక్కువసేపు ఉంచితే కాయిల్ కాలిపోతుంది. స్పూల్ టక్‌మని కదలాలి, తీయగానే వెనక్కి రావాలి. జాలీ ఫిల్టర్ ఉంటే అదీ చూడు.

ఖమ్మం_బండి:
తీశాం అన్నా. 7.4 ఓమ్‌లు, కాయిల్ బాగానే ఉంది. కరెంట్ ఇవ్వగానే టక్‌మంది, తీసేస్తే స్పూల్ వెనక్కి రాలేదు, వేలితో తోస్తే గానీ కదల్లేదు. జాలీ నిండా కాఫీ పొడి లాంటి నల్లటి మడ్డి. బ్రేక్ క్లీనర్ కొట్టి రెండుసార్లు కడిగినా మూడోసారి మళ్లీ ఇరుక్కుంది, అందుకే కొత్త వాల్వ్, కొత్త ఓ-రింగ్ వేయించి 5డబ్ల్యూ-30తో ఆయిల్, ఫిల్టర్ మార్పించాను. అమ్మను తీసుకుని హైదరాబాద్ వెళ్లొచ్చాను, ఎల్బీ నగర్ ట్రాఫిక్‌లో అరగంట ఉన్నా ఆర్‌పీఎం 800 దగ్గరే నిలబడింది. మీ ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్స్ అన్నా.

ఆటోనగర్_వైరింగ్:
సంతోషం తమ్ముడూ. ఇంజిన్‌లో పాత మడ్డి ఇంకా ఉంటుంది, కొత్త ఆయిల్ దాన్ని కరిగించి తెస్తుంది. 2,000 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ ఇంకోసారి మార్పించు, అప్పుడు జాలీ కూడా తీసి చూడు. లెవెల్ ఎందుకు పడిపోయిందో కూడా తేల్చుకోవాలి, నెలకోసారి డిప్‌స్టిక్ చూసి రాసి పెట్టుకో.