అమ్మానాన్నలు వచ్చిన వేసవిలో ఇంగ్లండ్ పల్లెటూళ్లో ఇల్లు చూసుకోవడం: మీ అనుభవాలు చెప్పండి

రెడింగ్_బుజ్జి | జూన్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలు 12న హైదరాబాద్ నుంచి వస్తున్నారు, ఆగస్టు చివరిదాకా ఉంటారు. మా ఆఫీసులో ఒకావిడ 20వ తేదీ నుంచి రెండు వారాలు కొడుకు దగ్గరికి వెళ్తూ, తన ఇల్లు చూసుకోమని అడిగారు. హెన్లీ దాటాక చిల్టర్న్ కొండల్లో చిన్న ఊరు. ఒక పిల్లి, ఆరు కోళ్లు, వెనకాల పెద్ద తోట. డబ్బు ప్రసక్తి లేదు. మా రెండు గదుల ఫ్లాట్‌లో ఐదుగురం సర్దుకునే కన్నా అమ్మానాన్నలకి అక్కడ హాయిగా ఉంటుందని ఒప్పుకున్నాం.

ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది. కోళ్లని ఎలా చూసుకోవాలి? పగలు నేను, మా ఆయన పనిలో ఉంటే వీళ్లిద్దరికీ కాలక్షేపం ఎలా? కారు ఒక్కటే. పోపు వాసన ఇంటికి పడితే ఆవిడ ఏమనుకుంటారో. చెత్త బిన్లు మూడు రంగులున్నాయి, ఏది ఏ వారమో అర్థం కాలేదు. చేసినవాళ్లు చెప్పండి.

గుంటూరు_గొడుగు | రాత్రి 10:05

మిగతావన్నీ తర్వాత, ముందు తలుపు సంగతి చెప్తాను. ఆ పాత ఇళ్ల ముందు తలుపుకి లోపలి నుంచి గొళ్లెం లాంటి తాళం ఉంటుంది. తలుపు మూసుకుంటే చాలు, దానంతట అదే పడిపోతుంది. బయట పిడి తిప్పితే తెరుచుకోదు, తాళంచెవి ఉండాల్సిందే.

పోయిన ఏడాది డోర్సెట్‌లో మా స్నేహితుల ఇంట్లో ఉన్నాం. మామయ్యగారు పాల సీసా తేవడానికి గడప దాటారు. ఆయన వెనకే అత్తయ్యగారు. గాలికి తలుపు ధన్‌మని పడింది. లోపల స్టవ్ మీద పప్పు, ఫోన్లు రెండూ లోపలే. నేను లండన్‌లో ఆఫీసులో. రెండు గంటలు వానలో నిలబడ్డారు. చివరికి పక్కింటి ముసలాయన నిచ్చెన వేసి మేడ మీద కిటికీలోంచి దిగి తెరిచాడు. పప్పు బొగ్గయింది. ఇల్లు తగలబడకపోవడం మా పెద్దల పుణ్యం. ఆ రోజు నుంచి ఊరు వదిలేదాకా మామయ్యగారు తాళంచెవి జంధ్యానికి కట్టుకునే తిరిగారు. ఇంకో చెవి పక్కింట్లో ఇచ్చి ఉంచండి. దయచేసి మర్చిపోవద్దు.

నల్గొండ_నడక | రాత్రి 11:15

కాలక్షేపానికి కారెందుకు చెల్లెమ్మా, కాళ్లున్నాయి కదా. ఆ దేశంలో నాకు అన్నిటికన్నా నచ్చింది నడక బాటలు. ఊరి చర్చి వెనకో, పబ్బు పక్కనో చిన్న చెక్క స్తంభం ఉంటుంది, దాని మీద పసుపు బాణం. అది కనిపిస్తే అటు నడవచ్చు, ఎవరి పొలమైనా, ఎవరి తోట పక్కనైనా. నీలి బాణమైతే గుర్రాలకి, సైకిళ్లకి కూడా దారి. ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల 1:25,000 మ్యాప్ కొనుక్కోండి, ఆకుపచ్చ గీతలన్నీ బాటలే. మా అమ్మకి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పి, అయినా రోజూ మూడు మైళ్లు నడిచింది. చేను మధ్యలోంచి బాట వెళ్తే భయపడకండి, నడిచెయ్యండి, అది మీ హక్కు.

గోదావరి_గట్టు | జూన్ 4, ఉదయం 7:20

హక్కు సరే అన్నా. మా నాన్న నలభై ఏళ్లు వరి పండించిన మనిషి. పోయిన జూలైలో ఒక గోధుమ చేను మధ్యలోకి బాణం చూపిస్తుంటే గేటు దగ్గరే ఆగిపోయారు. ఒక కంకి అరచేతిలో నలిపి, ఊది, గింజ నోట్లో వేసుకుని కొరికి చూశారు. "ఇంకో మూడు వారాల్లో కోత. ఇప్పుడిందులో కాలు పెడితే అన్నం తొక్కినట్టే" అన్నారు. చేను చుట్టూ గట్టున తిప్పి తీసుకెళ్లాను, మైలు ఎక్కువైంది. రైతు ఇంట పుట్టినవాళ్లకి ఆ బాణం కన్నా ఆ కంకి ఎక్కువ.

పచ్చబాణం | ఉదయం 8:02

పదిహేనేళ్లుగా బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల మనవాళ్లని ఆదివారం నడకలకి తీసుకెళ్తున్నాను, కాబట్టి తెలిసి చెప్తున్నా. గట్టున తిరగడమే తప్పు. హక్కు ఆ గీత మీదే ఉంటుంది, బాట మూసుకుపోతే తప్ప పక్కకి వెళ్లకూడదు. చేను అంచుల్లో పక్షుల కోసం, తేనెటీగల కోసం పూలమొక్కలు వేసి వదిలేస్తారు, అక్కడ తొక్కితేనే నష్టం. నడక బాటల మీద వచ్చిన 1990 చట్టం ప్రకారం రైతు దున్ని విత్తినా 14 రోజుల్లోపు బాట మళ్లీ చదును చేసి ఇవ్వాలి. చేను మధ్యలో బాట కనీసం ఒక మీటరు వెడల్పు ఉండాలి. మీ నాన్నగారు ఆ పొలానికి మంచి చెయ్యాలనుకుంటే బాట మీదే నడవాల్సింది.

గోదావరి_గట్టు | ఉదయం 8:15

మా నాన్నకి పొలం గురించి పాఠం చెప్పేంతవారా మీరు? నేను చట్టం అడగలేదు. ఆయన మనసు ఎలా ఉందో చెప్పాను. మీ పదిహేనేళ్లలో ఒక్కసారైనా నారు వేశారా?

పచ్చబాణం | ఉదయం 8:31

వెయ్యలేదు. మీ నాన్నగారిని కించపరచలేదు, అలా అనిపిస్తే క్షమించండి. కానీ చెప్పిన విషయంలో వెనక్కి తగ్గను. ఆ బాటలు ఊరివాళ్లు గుడికి, సంతకి, పనికి నడిచి నడిచి ఏర్పడినవి. ఎవరూ నడవకపోతే ఒక వేసవికే దురదగొండి, ముళ్లకంప కప్పేస్తాయి, తర్వాత దారి ఉండేదని చెప్పినా ఎవరూ నమ్మరు. నేను గొడవ పడేది అందుకే.

నల్గొండ_నడక | ఉదయం 9:10

అందరూ ఒక్క మాట వినండి. చాలామంది రైతులు బాట మేరకి పైరు లేకుండా ముందే తీసేస్తారు. చేను మధ్యలో పాపిడి తీసినట్టు నేల కనిపిస్తుంది. అలా ఉంటే గోదావరిగారి నాన్నగారు కూడా నడిచేవారు. ఆ రైతు తియ్యలేదేమో.

గోదావరి_గట్టు | ఉదయం 9:14

తియ్యలేదు. నిలువెత్తు పైరు. అదే నేను చెప్పేది.

నెల్లూరు_నానమ్మ | ఉదయం 10:30

ఈ చేను గొడవలో అమ్మాయి అడిగిన కోళ్లు మర్చిపోయారు. నేను మా అమ్మాయి దగ్గర సఫోక్‌లో రెండు వేసవులు ఉన్నాను. పక్కవాళ్లు ఊరెళ్తూ నాలుగు కోళ్లు మాకు అప్పగించారు. మన ఊళ్లో పెంచినదాన్నే కదా అనుకున్నాను. చీకటి పడగానే కోళ్లు వాటంతట అవే గూట్లోకి పోతాయి, మనం తలుపు వెయ్యాలి, అంతే. కానీ జూన్ నెలలో అక్కడ పొద్దు గూకేది తొమ్మిదిన్నరకి. నాకు తొమ్మిదికే నిద్ర ముంచుకొస్తుంది. రెండో రాత్రి తలుపు వెయ్యకుండా పడుకున్నాను. తెల్లారేసరికి రెండు కోళ్లు లేవు, ఎర్రటి ఈకలు కంచె దాకా ఉన్నాయి. నక్క. ఆ కోళ్లకి వాళ్ల చిన్నపిల్ల పేర్లు పెట్టుకుంది. తిరిగొచ్చాక ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను, ఇప్పటికీ తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అమ్మాయీ, ఆ గూటి తలుపు పని పెద్దవాళ్లకి వదిలెయ్యకు. ఫోన్‌లో పదింటికి అలారం పెట్టుకుని నువ్వే వెయ్యి.

వైకూంబ్_వాసు | ఉదయం 11:05

చిల్టర్న్స్ అన్నారు కాబట్టి: తోటలో చేతిలో తినుబండారం పెట్టుకుని తిరగొద్దని పెద్దవాళ్లకి చెప్పండి. ఎర్ర గద్దలు. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో పూర్తిగా పోతే, 1989 నుంచి 1994 దాకా స్పెయిన్ నుంచి గద్ద పిల్లల్ని తెచ్చి ఈ కొండల్లోనే వదిలారు. ఇప్పుడు తల ఎత్తితే ఐదారు కనిపిస్తాయి. తోక చీలి ఉంటుంది, ఆకాశంలోనే తెలిసిపోతుంది. మా నాన్నమ్మ చేతిలో గారె ఉండగా ఒకటి దిగి తన్నుకుపోయింది, వేలికి గోరు గీసుకుంది. ఆవిడ మాత్రం వేలు చూసుకోకుండా గరుడ దర్శనం అయిందని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

రెడింగ్_బుజ్జి | మధ్యాహ్నం 1:20

నానమ్మగారూ, మీరు చెప్పింది చదివి అలారం ఇప్పుడే పెట్టేశాను. పిల్లి గురించి ఎవరైనా? అమ్మ మాంసం డబ్బా ముట్టుకోదు, అది మా ఆయన చూసుకుంటారు. బిన్లు?

మాధవి_మిల్టన్‌కీన్స్ | మధ్యాహ్నం 1:45

పిల్లి ఉన్న ఇంట్లో లిల్లీ పూలు పెట్టొద్దు. మన దగ్గర దండల్లో కట్టే తెల్ల లిల్లీ వేరే జాతి. ఇక్కడ సూపర్‌మార్కెట్‌లో దొరికే పెద్ద రేకుల లిల్లీ పిల్లులకి విషం. ఆకు కొరికినా, ఒంటికంటిన పుప్పొడి నాకినా మూత్రపిండాలు పాడవుతాయి. మా అమ్మ పూజకని కొనుక్కొచ్చి దేవుడి పటం ముందు పెట్టింది. అదృష్టం కొద్దీ పశువుల నర్సుగా పనిచేసే మా స్నేహితురాలు ఆ సాయంత్రమే వచ్చింది, గుమ్మంలోంచే చూసి ఒక్క అరుపు అరిచింది. పిల్లికేమీ కాలేదు. గులాబీలు పెట్టుకోండి.

సత్తెనపల్లి_సత్యం | మధ్యాహ్నం 2:30

తోటకి నీళ్ల గురించి జాగ్రత్త. 2025 జూలైలో మీ హెన్లీ వైపే హోస్‌పైపు నిషేధం పెట్టారు, అతిక్రమిస్తే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా. డబ్బాతో పోసుకోవచ్చు, పైపుతో కూడదు. మా నాన్న వాకిలి కడగడం మానలేకపోయారు. పొద్దున్నే పైపు పట్టుకుని గుమ్మం ముందంతా తడిపారు. ఎదురింటావిడ వచ్చి చాలా మర్యాదగా చెప్పింది, నాన్న చాలా నొచ్చుకున్నారు. వెళ్లేముందు అక్కడి నీళ్ల కంపెనీ వెబ్‌సైట్ చూసి వెళ్లండి.

వంట సంగతి: పల్లెల్లో చాలాచోట్ల గ్యాస్ లైన్ ఉండదు. ఇండక్షన్ పొయ్యి అయితే అమ్మ తెచ్చే అల్యూమినియం కుక్కర్ పనిచెయ్యదు, అయస్కాంతం అంటుకునే అడుగున్న స్టీల్ కుక్కర్ పెట్టుకోండి. పోపు వేసేటప్పుడు తోట వైపు తలుపు తెరవండి, వాసన మరుసటి రోజుకి ఉండదు. వాడిన నూనె మాత్రం సింకులో పొయ్యొద్దు, ఇంటికి సెప్టిక్ ట్యాంక్ ఉండే అవకాశం ఉంది.

తిరుపతి_టు_టేమ్స్ | సాయంత్రం 6:10

ఇంతమంది రాశారు, హెన్లీ దగ్గర అనగానే ఒక్కరికీ స్టోక్ రో గుర్తు రాలేదా? ఆ ఊళ్లో కాశీరాజు తవ్వించిన బావి ఉంది!

రీడ్ అని అక్కడి పక్క ఊరి మనిషి బెనారస్‌లో పెద్ద ఉద్యోగం చేసేవాడు. తన ఊళ్లో నీళ్లకి ఎంత కటకటో, ఇంట్లో మిగిలిన ఆఖరి నీళ్లు తాగినందుకు ఒక పిల్లాణ్ణి తల్లి ఎలా కొట్టిందో మహారాజా ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌కి చెప్పాడు. ఆ మాట రాజు మర్చిపోలేదు. ఆయన డబ్బుతో 1864లో బావి తెరిచారు. లోతు 368 అడుగులు, లండన్ సెయింట్ పాల్స్ చర్చి ఎత్తుకన్నా ఎక్కువ, అంతా మనుషులు చేత్తో తవ్వినదే. పైన మన దగ్గరి మంటపంలా గుమ్మటం, నీళ్లు తోడే యంత్రం మీద బంగారు రంగు ఏనుగు. ఖర్చులు వెళ్లడానికి పక్కన చెర్రీ తోట కూడా వేయించారు. మన దేశం నుంచి ఇక్కడికి వచ్చిన దానం అది. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ గుమ్మటం కింద అరగంట కూర్చున్నాను, లేవబుద్ధి కాలేదు. అమ్మానాన్నల్ని తప్పకుండా తీసుకెళ్లండి.

పచ్చబాణం | సాయంత్రం 6:40

కాట్స్‌వోల్డ్స్ కొండల దాకా వెళ్లే ఓపిక ఉంటే మోర్టన్-ఇన్-మార్ష్ దగ్గర సెజిన్‌కోట్ చూపించండి. ఈస్టిండియా కంపెనీలో గడించి తిరిగొచ్చిన కాకరెల్ 1800ల మొదట్లో కట్టించుకున్న మొగలు గుమ్మటాల ఇల్లు. తోటలో సూర్యుడి గుడి, వంతెన మీద నందులు. ఆ ఎస్టేట్ లోంచి నడక బాట వెళ్తుంది. అక్కడ చేను లేదు, పచ్చిక, గోదావరిగారి నాన్నగారు కూడా రావచ్చు.

గోదావరి_గట్టు | సాయంత్రం 6:52

మళ్లీ మా నాన్నేనా.

తిరుపతి_టు_టేమ్స్ | సాయంత్రం 7:05

కంపెనీ కొల్లగొట్టిన సొమ్ముతో కట్టిన ఇంటికీ కాశీరాజు దానానికీ పోలికేమిటండీ? నందిని వంతెన మీద అలంకారంగా పెట్టుకోవడం చూస్తే నాకు కడుపు మండింది.

పచ్చబాణం | సాయంత్రం 7:20

నేను పోల్చలేదు. రెండూ మన కథలే, చూడాల్సినవే అన్నాను.

నెల్లూరు_నానమ్మ | రాత్రి 8:15

పచ్చిక అంటే ఆవులుంటాయి. దూడలతో ఉన్న ఆవుల మధ్యకి పోవద్దు, మన వీధి ఆవుల్లా ఉండవవి. దూరంగా చుట్టి రండి. దీనికి చట్టం చెప్పకండి నాయనా.

రెడింగ్_బుజ్జి | జూన్ 24, రాత్రి 10:12

నాలుగు రోజులైంది. కోళ్లు ఆరూ ఉన్నాయి, గూడు ఇప్పుడే వేసొచ్చాను. నాన్న తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారు, గుంటూరుగారికి థ్యాంక్స్.

ఈ రోజు ఆఫీసుకి సెలవు పెట్టి స్టోక్ రో తీసుకెళ్లాను. అమ్మ చెప్పులు విడిచి మంటపం చుట్టూ ప్రదక్షిణ చేసింది. తన చెంబులో కాశీ నీళ్లు లేవని బాధపడింది, మళ్లీ వచ్చినప్పుడు చిన్న సీసాలో తెస్తానంది. నాన్న మాత్రం ఆ 368 అడుగులు ఎలా తవ్వారో, మట్టి పైకి ఎలా తెచ్చారో అడుగుతూనే ఉన్నారు. మా మహబూబ్‌నగర్ ఇంట్లో బావి అరవై అడుగులు తవ్వితే బండ తగిలిందట, ఆ సంగతి నాకు ఈ రోజే చెప్పారు.

రేపు పొద్దున బిన్ల బండి వస్తుంది. ఏ రంగు పెట్టాలో ఇప్పటికీ తెలియదు. పక్కింటివాళ్లు ఇంకా బయట పెట్టలేదు.

సత్తెనపల్లి_సత్యం | రాత్రి 10:20

కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ ఇంటి పోస్ట్‌కోడ్ కొట్టండి, తేదీలతో సహా వస్తుంది. వంటింటి వ్యర్థాల చిన్న డబ్బా మాత్రం ప్రతి వారం పెట్టాలి.

గోదావరి_గట్టు | రాత్రి 10:31

బుజ్జిగారూ, స్టోక్ రో వెళ్లే దారిలో చేను తగిలిందా? మీ నాన్నగారు ఏం చేశారు?

రెడింగ్_బుజ్జి | రాత్రి 10:40

తగిలింది, బార్లీ. బాట మేరకి పైరు తీసేసి ఉంది. నాన్న నడిచారు. అమ్మ గట్టున వచ్చింది.