విండోస్ 11 అప్‌గ్రేడ్ చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తోంది (0ఎక్స్‌సి1900101 – 0ఎక్స్40017)

మెమరీకార్డు:

అందరికీ నమస్కారం. మా చెల్లి ల్యాప్‌టాప్ గురించి అడుగుతున్నాను. విండోస్ 10 మీద నడుస్తోంది. దానికి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కదా, అందుకే 11కి మార్చేద్దామని కూర్చున్నాం. అర్హత చెక్ చేసే యాప్‌లో అన్నీ పచ్చ టిక్కులే. టీపీఎం 2.0 (భద్రతా చిప్) ఉంది, సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంది, ర్యామ్ 8 జీబీ, సి డ్రైవ్‌లో కావలసినంత ఖాళీ ఉంది.

డౌన్‌లోడ్ ఏ ఇబ్బందీ లేకుండా అయిపోతుంది. రీస్టార్ట్ అవుతుంది, నల్ల తెర మీద శాతం పెరుగుతూ పోతుంది. రెండోసారి రీస్టార్ట్ అయ్యాక, ఇక వచ్చేసినట్టే అనుకుంటుండగా గుండ్రంగా తిరిగే చుక్కలు ఉన్నచోటే బిగుసుకుపోతాయి. కాసేపటికి దానంతటదే మళ్లీ ఆన్ అయి, మార్పులన్నీ రద్దు చేస్తున్నట్టు చూపించి పాత విండోస్ 10లోకి తెచ్చి పడేస్తుంది. లాగిన్ అవగానే చిన్న బాక్సులో పైన రాసిన కోడ్, కింద ‘సెకండ్ బూట్ దశలో, బూట్ ఆపరేషన్ సమయంలో ఎర్రర్’ అన్న మాట.

అప్‌డేట్ ట్రబుల్‌షూటర్ నడిపాను. సిస్టమ్ ఫైల్ చెకర్ ఏ లోపమూ లేదంది. మౌస్, పెన్‌డ్రైవ్, ప్రింటర్ అన్నీ పీకేసి కూడా చూశాను. ఆగడం మాత్రం అక్కడే ఆగుతోంది.

చెల్లి థీసిస్ దీంట్లోనే రాస్తోంది. ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లో కాపీ చేసి పెట్టాం కాబట్టి ఆ భయం లేదు. కానీ తను వాడే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఈ మెషీన్‌కే ముడిపడి ఉంది. ఫార్మాట్ చేస్తే దాన్ని మళ్లీ యాక్టివేట్ చేయించుకోవడం పెద్ద తతంగం. సబ్‌మిషన్ దగ్గర పడింది, తనకన్నా నాకే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. యాప్‌లు పోకుండా ఎక్కించే దారి ఏమైనా ఉందా?

కొత్తకీబోర్డు:

ఫైళ్లు బ్యాకప్ ఉన్నాయంటున్నారు కదండీ, క్లీన్ ఇన్‌స్టాల్ చేసేయండి. ఎర్రర్ వెతుక్కునే సమయంలో కొత్త విండోస్ ఎక్కిపోతుంది. పైగా పాత చెత్త అంతా పోతుంది.

లాగ్‌ఫైల్:

ఫార్మాట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. లైసెన్సు సంగతి వాళ్లు స్పష్టంగానే చెప్పారు, దాన్ని పక్కన పెట్టి సలహా ఇవ్వకూడదు.

మెమరీకార్డు గారూ, మీ కోడ్‌లోనే సగం జవాబు ఉంది. మొదటి ముక్క, అంటే సి1900101, సెటప్ తట్టుకోలేక వెనక్కి మళ్లిందని మాత్రమే చెబుతుంది. చాలావరకు డ్రైవర్ (హార్డ్‌వేర్‌నో సాఫ్ట్‌వేర్‌నో విండోస్‌తో కలిపే చిన్న ప్రోగ్రామ్) గొడవకి వచ్చే కోడ్ ఇది. ఇది చూడగానే అందరూ గ్రాఫిక్స్ డ్రైవర్ మీద పడతారు. అసలు చూడాల్సింది రెండో ముక్క. 40017లో ముందున్న 4 ఏ దశలో ఆగిందో చెప్పే అంకె. అక్కడ 1 ఉంటే పాత విండోస్ నడుస్తుండగానే ఆగిందని, 2 ఉంటే సేఫ్ ఓఎస్ అనే తాత్కాలిక వాతావరణంలో, 3 ఉంటే కొత్త విండోస్ మొదటి బూట్‌లో, 4 ఉంటే రెండో బూట్‌లో. చివరి 17 అంటే బూట్ అవుతుండగా అని. మీరు చెప్పిన లక్షణాలకి అచ్చంగా సరిపోయింది. అంటే డౌన్‌లోడ్, డిస్క్ ఖాళీ, టీపీఎం ఇవన్నీ దాటేశారు. ట్రబుల్‌షూటర్ బాగుచేసేది అప్‌డేట్ సర్వీసులని, మీకు ఆ భాగం బాగానే ఉంది. అందుకే దానివల్ల ఏ ఉపయోగమూ కనబడలేదు.

రెండో బూట్‌లో పడిపోతే నేను ముందు అనుమానించేది యాంటీవైరస్ ఫిల్టర్ డ్రైవర్లని, ఆ తర్వాత డిస్క్ ఎన్‌క్రిప్షన్ డ్రైవర్లని. ఏ ఫైలు తెరిచినా, సేవ్ చేసినా మధ్యలో నిలబడి తనిఖీ చేసే రకం ఇవి. ప్రోగ్రామ్ తీసేసినా ఇవి మిగిలిపోవడం నేను చాలా మెషీన్లలో చూశాను.

కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఇంగ్లీషులో ఎఫ్, ఎల్, టీ, ఎం, సీ అక్షరాలు వరసగా, ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. ఇప్పుడు నడుస్తున్న ఫిల్టర్ల జాబితా వస్తుంది. అలాగే విండోస్ ఫోల్డర్‌లో లాగ్స్, దాంట్లో సెటప్‌డయాగ్ అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. అప్‌గ్రేడ్ విఫలమైనప్పుడు సెటప్ తనంతట తానే కారణం వెతికి అక్కడ రిపోర్టు రాసిపెడుతుంది. ఈ రెండూ చూసి చెప్పండి, ఈలోగా మళ్లీ అప్‌గ్రేడ్ నొక్కకండి.

మెమరీకార్డు:

చూశానండీ. జాబితాలో డబ్ల్యూడీఫిల్టర్, ఫైల్‌ఇన్ఫో, ఎల్‌యూఏఎఫ్‌వీ లాంటివి ఉన్నాయి. వీటి మధ్యలో రెండు పేర్లు తేడాగా ఉన్నాయి. రెండూ ల్యాప్‌టాప్‌తో పాటు ట్రయల్‌గా వచ్చిన యాంటీవైరస్ పేరుతోనే మొదలవుతున్నాయి! దాన్ని సెట్టింగ్స్‌లోంచి ఎప్పుడో అన్‌ఇన్‌స్టాల్ చేశాం, యాప్‌ల జాబితాలో కూడా లేదు. సెటప్‌డయాగ్ రిపోర్టులోనూ అందులో ఒకదాని పేరే ఉంది. ఆ డ్రైవర్ ఫైళ్లు డిలీట్ చేసేయనా?

లాగ్‌ఫైల్:

వద్దు, చేత్తో డిలీట్ చేయొద్దు. ఫైలు పోయినా రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) దాని నమోదు అలాగే ఉంటుంది. బూట్‌లో లోడ్ కావాల్సిన డ్రైవర్ దొరక్కపోతే కొన్ని మెషీన్లు నీలి తెర దగ్గరే ఆగిపోతాయి. అప్పుడు ఉన్న విండోస్ 10 కూడా చేజారుతుంది.

చాలా యాంటీవైరస్ కంపెనీలు పూర్తిగా తుడిచేసే రిమూవల్ టూల్ విడిగా ఇస్తాయి. వాళ్ల సొంత సైట్‌లోంచే దించుకోండి, వేరే డౌన్‌లోడ్ సైట్ల జోలికి వెళ్లకండి. సేఫ్ మోడ్‌లో (తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ నడిచే పద్ధతి) నడిపి, రీస్టార్ట్ చేసి, ఆ అయిదక్షరాల కమాండ్ మళ్లీ కొట్టండి. ఆ రెండు పేర్లూ మాయమైతేనే ముందుకు వెళ్లండి.

ఈసారి మైక్రోసాఫ్ట్ సైట్‌లోంచి విండోస్ 11 ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) దించుకుని, దాని మీద డబుల్ క్లిక్ చేసి, లోపలున్న సెటప్ నడపండి. ఫైళ్లు, యాప్‌లు రెండూ ఉంచే ఆప్షన్ టిక్ అయి ఉందో లేదో ఇన్‌స్టాల్ నొక్కేముందు తప్పకుండా చూడండి.

బూట్‌మెనూ:

ఒక మాట కలుపుతాను. డ్రైవ్‌కి బిట్‌లాకర్ (విండోస్‌లో ఉండే డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే ముందు సస్పెండ్ చేసి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి. సేఫ్ మోడ్‌కి వెళ్లేటప్పుడు కూడా అది అడగవచ్చు. కీ ఆ ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేసుకుంటే అడిగినప్పుడు తెరిచే వీలుండదు. అప్‌గ్రేడ్ అయ్యాక 10 రోజుల దాకా పాత విండోస్‌కి తిరిగి వెళ్లే ఆప్షన్ ఉంటుంది, ఆలోపు డిస్క్ క్లీనప్‌తో పాత విండోస్ ఉండే విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్ తీసేయకండి. థీసిస్ హడావుడిలో మీకు ఇది బాగా అవసరం.

మెమరీకార్డు:

ఎక్కేసిందండీ! రిమూవల్ టూల్ నడిపాక ఆ రెండు పేర్లూ పోయాయి. బిట్‌లాకర్ కీ సేఫ్ మోడ్ దగ్గర నిజంగానే అడిగింది, రాసిపెట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. ఐఎస్‌ఓతో సెటప్ నడిపితే చుక్కలు ఎక్కడా ఆగలేదు. చెల్లి ముందు ఆ స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ తెరిచి చూసుకుంది, లైసెన్సు అలాగే ఉంది. లాగ్‌ఫైల్ గారూ, బూట్‌మెనూ గారూ, మీ ఇద్దరికీ తను కూడా థాంక్స్ చెప్పమంది.

టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో స్క్రోల్ మాత్రం పనిచేయడం లేదు. దానికేమైనా చేయాలా?

లాగ్‌ఫైల్:

చాలా సంతోషం. టచ్‌ప్యాడ్‌కి మామూలు డ్రైవర్ ఎక్కినట్టుంది. ల్యాప్‌టాప్ తయారీ కంపెనీ సైట్‌లో మోడల్ నంబర్ కొట్టి, విండోస్ 11కి ఇచ్చిన టచ్‌ప్యాడ్ డ్రైవర్ వేయండి. చిప్‌సెట్ డ్రైవర్ కూడా అక్కడే ఉంటే ముందు అది వేసి, రీస్టార్ట్ చేశాక టచ్‌ప్యాడ్‌ది వేయండి.