కాల్షియం స్కోరు: మోషన్ కరెక్షన్ చేసిన నంబర్ నమ్మాలా, చెయ్యనిది నమ్మాలా?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):
మా నాన్నకి 57. షుగర్ లేదు, సిగరెట్ లేదు, కొలెస్ట్రాల్ కొంచెం ఎక్కువ. వైజాగ్‌లో గుండె సీటీ తీయించాం, గుండె రక్తనాళాల్లో సున్నం ఎంత పేరుకుందో చెప్పడానికి డై ఎక్కించకుండా తీసే కాల్షియం స్కోరు. రిపోర్టులో రెండు నంబర్లిచ్చారు, మామూలుగా 92 అంట, మోషన్ కరెక్షన్, అంటే గుండె కదలిక వల్ల బొమ్మ చెదిరింది సాఫ్ట్‌వేర్‌తో సరిచేశాక 108 అంట. వంద దాటితే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే) మాత్ర తప్పదంటున్నారు. నాకైతే సాఫ్ట్‌వేర్‌తో నంబర్ పెంచి మందులంటగడుతున్నారేమో అని డౌటు. మీరేమంటారు?

సీటీరూమ్_రాజాం:
అంటగట్టాలంటే ఇంతకన్నా ఈజీ దారులు చానా ఉన్నాయి గురూ. ఈ లెక్క అగాట్‌స్టన్ అనే డాక్టర్ వాళ్ళు 1990లో పెట్టింది. సీటీ బొమ్మలో తెలుపు ఎంతో కొలిచే హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు 130 దాటిన మచ్చనే సున్నం అంటాం, దాని వైశాల్యాన్ని మచ్చలో పీక్ (అన్నిటికన్నా ఎక్కువ తెలుపు) ఎంతుందో చూసి 1 నుంచి 4 దాకా గుణిస్తాం, 200ల్లో ఉంటే 2, 300ల్లో 3, 400 నుంచి పైకి 4. ఇప్పుడు 5 చదరపు మిల్లీమీటర్ల మచ్చ, పీక్ 410 అనుకో, 20 వస్తాది. గుండె కదిలి ఆ మచ్చ అలుక్కుపోయి 8 అయింది, పీక్ 290కి పడిపోయింది, 16. అదే 310 దగ్గర ఆగిందనుకో, 24! కదలిక వల్ల స్కోరు తగ్గనూ తగ్గొచ్చు పెరగనూ పెరగొచ్చు, కుడి కరోనరీ (గుండెకి రక్తమిచ్చే కుడి నాళం) మధ్యభాగం అయితే మరీ ఊగుతాది. మీ నాన్నగారిది తగ్గినట్టుంది, కరెక్షన్‌లో పైకొచ్చింది.

గంటస్తంభం (విజయనగరం):
అంత సింపుల్ కాదు బ్రదర్. ఈ కరెక్షన్లు మొదట వచ్చింది సీటీ యాంజియో (డై ఎక్కించి రక్తనాళాలు చూసే స్కాన్) కోసం. అక్కడ డై వల్ల రక్తనాళం తెల్లగా మెరుస్తుంది, పక్క ఫేజుల్లో, అంటే అదే బీట్‌లో కొంచెం ముందూ వెనకా తీసిన బొమ్మల్లో దాన్ని పట్టుకుని ఎటు ఎంత కదిలిందో లెక్కకట్టి వెనక్కి లాగుతుంది. డై లేని స్కాన్‌లో కొవ్వు మధ్య బూడిదరంగు గీత తప్ప పట్టుకోడానికి ఏముంటుంది? పైగా మనం వయసుని బట్టి పోల్చుకునే పట్టికలు అమెరికాలో 2000లో మొదలైన మీసా అనే గుండెజబ్బుల స్టడీవి, అందులో కరెక్షనూ లేదు, మన దక్షిణాసియా వాళ్ళూ లేరు. పాత పద్ధతి పట్టికతో కొత్త పద్ధతి నంబర్ పోల్చడం ఏం న్యాయం? 92 పట్టుకోండి.

పీజీ_మెడిసిన్_బొబ్బిలి:
అసలు 92, 108 గొడవే దండగ. 2018 అమెరికన్ గైడ్‌లైన్ ప్రకారం 1 నుంచి 99 మధ్య ఉన్నా, 55 దాటినవాళ్ళైతే మొగ్గు స్టాటిన్ వైపే. నాన్నగారికి ఏ నంబర్ తీసుకున్నా డాక్టర్‌తో మాట్లాడాల్సింది అదే మాట. కరెక్షన్ నిజంగా పనికొచ్చేది సున్నా దగ్గర. చిన్న మచ్చ అలుక్కుపోయి పీక్ 130 కిందకి దిగితే రిపోర్టులో 0 వస్తుంది, ఆయన హ్యాపీగా మందు వద్దనుకుని ఇంటికెళ్ళిపోతాడు, మళ్ళీ చాలా ఏళ్ళు ఎవరూ చూడరు. అక్కడ కరెక్షన్ చెయ్యకపోవడమే తప్పంటాను.

గంటస్తంభం:
సున్నా దగ్గరే నాకు ఎక్కువ భయం. నాయిస్‌ని (బొమ్మలో ఉత్తినే వచ్చే చుక్కల్ని) కూడా పదును పెట్టి మచ్చ చూపిస్తే 0 కాస్తా 2 అవుతుంది, ఆ మనిషి జీవితాంతం గుండెజబ్బోడిలా బతుకుతాడు. ముందు గుండెని నెమ్మదిగా ఉన్నప్పుడు తీయండి. నిమిషానికి 60 కొట్టుకుంటే బీట్‌కి 1000 మిల్లీసెకన్లు, 85 అయితే 700 చిల్లర, కోత పడేది ఎక్కువగా గుండె కదలకుండా ఉండే టైముకే. 0.35 సెకన్లకి ఒక చుట్టు తిరిగే మెషీన్‌కి బొమ్మకి దాదాపు 175 మిల్లీసెకన్లు కావాలి. బస్సు దిగి మెట్లెక్కి వచ్చినోడిని పది నిమిషాలు కూర్చోబెట్టరా?

కవిటి_కొబ్బరితోట:
మా ఉద్దానం సంగతి ఏటి మరి? మా బావ డయాలసిస్ మీద ఉన్నాడు, డై లేదు కదా తీయించండి అంటున్నారు.

పీజీ_మెడిసిన్_బొబ్బిలి:
కిడ్నీ పోయినవాళ్ళకి ఫాస్ఫరస్ తేడాల వల్ల సున్నం ఎలాగూ ఎక్కువే. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి కొత్తగా స్టాటిన్ మొదలెట్టకపోవడమే మంచిదని కిడ్నీ గైడ్‌లైన్లే చెప్తాయి. ఎంత వచ్చినా చేసేది మారనప్పుడు డబ్బులెందుకు, వాళ్ళ నెఫ్రాలజిస్ట్‌ని అడగమనండి.

సీటీరూమ్_రాజాం:
కూర్చోబెట్టడం కరెక్టే, నేనూ చేస్తాను, కాని బయట ఇరవై మంది వెయిటింగు ఉన్నప్పుడు చూడాలి మీరు. స్పీడ్ తగ్గకపోతే ఒక బీట్ టైములో 70 శాతం దగ్గర కాకుండా 40 శాతం దగ్గర, అంటే గుండె ముడుచుకున్న చివర్లో తీస్తే చాలాసార్లు సరిపోతాది. కరెక్షన్‌కి పక్క ఫేజులు కావాలి, అంటే ఎక్స్‌రే ఇంకాస్త సేపు ఆన్‌లో ఉండాలి. ఈ స్కాన్ డోసే సుమారు 1 మిల్లీసీవర్ట్, దాన్ని అందరికీ పెంచడం నాకిష్టం లేదు. బొమ్మ చెడినోళ్ళకే చెయ్యాలి, రెండు నంబర్లూ రాయాలి. మీకు రాసిచ్చారు, అందుకు మెచ్చుకోవాలి వాళ్ళని.

నాగావళి_గట్టు:
సరే, సీడీ తీసుకెళ్ళి ఇంకో చోట కరెక్షన్ మళ్ళీ చేయిస్తే?

సీటీరూమ్_రాజాం:
సీడీలో మామూలుగా ఒక్క ఫేజ్ బొమ్మలే కాలుస్తారు, దానితో అవ్వదు. మిగతా ఫేజుల రా డేటా (బొమ్మలు కట్టకముందు కొలతలు) స్కానర్‌లోనే ఉంటాది, డిస్క్ నిండగానే కొట్టేస్తారు. కావాలంటే రేపే ఫోన్ చేసి ఉందా అని అడుగు, స్కాన్ అప్పుడు హార్ట్ రేట్ ఎంతో కూడా రాయించుకో.