జార్జియాలో మోషన్స్ రాకుండా ముందే ఫేజ్ మందు తాగొచ్చా? వాడినవాళ్లు చెప్పండి

గుంటూరు_నాన్న: మా పాప ఎంబీబీఎస్‌కి టిబిలిసి వెళ్తోంది. పోయినేడు గోవా వెళ్తేనే మోషన్స్‌తో మూడు రోజులు మంచం దిగలేదు, అందుకే టెన్షన్. అక్కడి మెడికల్ షాపుల్లో బాక్టీరియాని తినే వైరస్‌ల (ఫేజ్‌ల) మందు దొరుకుతుందని, ముందే తాగితే కడుపు పాడవదని విన్నాను. నిజమేనా?

టిబిలిసి_నాలుగో_ఏడు: అంకుల్, నేను ఇక్కడే చదువుతున్నా. ఆ మందు పేరు ఇంటెస్టీ, చిన్న సీసాల్లో లేత పసుపు నీళ్లలా ఉంటుంది. వచ్చిన మొదటి నెలలోనే మా గదిలో అందరికీ వరసగా పట్టుకున్నాయి. షాపు ఆవిడ ముందు బోర్జోమీ సోడా నీళ్లు తాగి ఆ తర్వాత మందు తాగమంది, అలాగే చేశా, రెండు రోజుల్లో తగ్గింది. కానీ ఉత్త ఓఆర్ఎస్ తాగిన నా రూమ్మేట్‌కీ రెండు రోజుల్లోనే తగ్గింది, కాబట్టి మందు వల్లేనని ఒట్టేసి చెప్పలేను.

మైక్రో_లెక్చరర్: సోడా నీళ్లు ఎందుకంటే, కడుపులోని యాసిడ్‌కి ఫేజ్‌లు చచ్చిపోతాయి. ముందే తాగడం కొత్త సంగతేం కాదండీ. 1963-64లో టిబిలిసిలోనే 30,769 మంది పిల్లల మీద చూశారు, వీధిలో ఒక వైపు ఇళ్లవాళ్లకి షిగెల్లా (జిగట విరేచనాలు తెచ్చే బాక్టీరియా) ఫేజ్ ఇచ్చి రెండో వైపు వాళ్లకి ఇవ్వలేదు. ఇవ్వని వైపు జిగట విరేచనాలు 3.8 రెట్లు ఎక్కువ వచ్చాయి. అయితే అది షిగెల్లా ఒక్కదాని సంగతి. ప్రయాణాల్లో ఎక్కువగా పట్టుకునేది ఈ.కోలి అనే వేరే బాక్టీరియా, పైగా ఏ ఫేజ్ అయినా తనకి సరిపడిన రకం బాక్టీరియానే చంపుతుంది. బాక్టీరియా కాని నోరోవైరస్ వల్లో, జియార్డియా అనే పరాన్నజీవి వల్లో వస్తే దాంతో ఏ ఉపయోగమూ లేదు.

పిల్లల_డాక్టరు: ఢాకాలో విరేచనాలతో చేరిన 120 మంది పిల్లల్లో కొందరికి ఈ.కోలి ఫేజ్ ఇచ్చి చూసిన ఫలితాలు 2016లో వచ్చాయి. హాని జరగలేదు, అలాగని జబ్బూ త్వరగా తగ్గలేదు. పేగులో ఫేజ్‌లు పెరగడానికి సరిపడా ఈ.కోలి లేదన్నారు. అది వచ్చాక ఇచ్చిన వైద్యం, మీరడిగేది రాకుండా కాబట్టి రెండూ ఒకటి కాదు. అయినా అన్నా, దాన్ని నమ్ముకుని పాపని కుళాయి నీళ్లు, కోసి పెట్టిన పళ్లు తిననివ్వకండి. మోషన్స్‌లో రక్తం పడినా, జ్వరం వచ్చినా ఫేజ్ తాగుతూ కూర్చోవద్దు, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

గుంటూరు_నాన్న: అర్థమైందండీ. ఓఆర్ఎస్ పొట్లాలు ఇక్కడి నుంచే కట్టిస్తా. అమ్మాయీ, ఆ సీసాలు ఫ్రిజ్‌లోనే పెట్టాలా?

టిబిలిసి_నాలుగో_ఏడు: ఫ్రిజ్‌లోనే అంకుల్. మా హాస్టల్లో ఫ్లోర్‌కి ఒకటే ఉంది, సీసా మీద పేరు రాసి పెట్టుకోమనండి.