ఇల్లు మారితే మా ఆవిడ కుదుటపడుతుందా?

పెదవాల్తేరు_44

ఇలాంటివి ఇక్కడ రాయొచ్చో లేదో తెలీదు, అడ్మిన్ గారికి తప్పనిపిస్తే తీసేయండి. నాకు 44, మా ఆవిడకి 39. ఒక్కడే కొడుకు. 2024 దసరా సెలవుల్లో ఫ్రెండ్స్‌తో బీచ్‌కి వెళ్లి మునిగిపోయాడు. తొమ్మిదో తరగతి. మొన్న సంవత్సరీకం కూడా అయిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

అడగదలుచుకున్నది ఇంటి గురించి. మాది మూడో అంతస్తు ఫ్లాట్, బాల్కనీలోంచి చూస్తే రెండు అపార్ట్‌మెంట్ల మధ్య సముద్రం ఇంత ముక్క కనపడుతుంది. అది కనపడుతుందనే అప్పట్లో రెండు లక్షలు ఎక్కువ పెట్టి కొన్నాం. ఇప్పుడు ఆ తలుపుకి గడియ పెట్టి పదమూడు నెలలు, మొన్నటి వానాకాలమంతా బట్టలు ఫ్యాన్ కిందే ఆరాయి. ఫ్లాట్ అమ్మేసి విజయనగరంలో వాళ్లమ్మగారి ఇంటి దగ్గరికి వెళ్లిపోదాం అంటుంది. నాకు పోర్టులో ఉద్యోగం, రోజూ అరవై కిలోమీటర్లు అటు, అరవై ఇటు తిరగడం కష్టమే కానీ చేయలేనిదేం కాదు. సముద్రం చూడకుండా వైజాగ్‌లో బతకడం ఎలాగూ కుదరదు, ఇక్కడ ఏ ఎత్తు దిగినా ఎదురుగా అదే.

అయితే నాదింకో రకం. నేను రోజూ పొద్దున్నే ఐదింటికి వాకింగ్ అని చెప్పి బీచ్‌కే వెళ్లేవాణ్ణి. సబ్‌మెరైన్ మ్యూజియానికి కొంచెం ఇవతల గట్టు మీద కూర్చునేవాణ్ణి, అంతే, ఇంకేం చేయను. మూడు వారాల కింద ఆవిడ బండి కాళ్ల దగ్గర మ్యాట్ దులుపుతుంటే ఇసుక రాలింది. "నన్నొదిలేసి మీరొక్కరే వాడి దగ్గరికి వెళ్తున్నారా?" అంది. ఆ రోజు నుంచి అవసరమైతే తప్ప మాట్లాడదు. నేనూ వెళ్లడం మానేశాను. సముద్రమంటే ఆవిడకి అంత కోపం ఉందని తెలిసి కూడా వెళ్లానంటే నాదే తప్పు.

ఇంకోటి కూడా ఉంది, అదీ చెప్పేస్తాను. వాడికి ఈత నేర్పించమని రెండేళ్లు అడిగింది. టెన్త్ అయ్యాక చూద్దాంలే అన్నాను. ఆ మాట ఆవిడ ఈ రోజుకీ ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బావుణ్ణు.

చుట్టాలు ఒకపక్క ఐవీఎఫ్ అంటారు, పిల్లల్ని పోగొట్టుకున్న వాళ్లకి మళ్లీ కవలలు పుట్టారన్న పేపర్ కటింగ్ ఇప్పటికి ఆరుగురు పంపారు. మా అక్కయితే తన చిన్నవాణ్ణి పెంచుకోమంది, భోంచేస్తుంటే. ఈవిడ కంచం ముందునుంచి లేచి వెళ్లిపోయింది. ఇప్పటికీ రోజూ మూడు గ్లాసుల బియ్యమే పోస్తుంది, ముగ్గురం ఉన్నప్పటి లెక్క. మిగిలిన అన్నం పొద్దున్నే కవర్లో పట్టుకెళ్లి సందు చివర కుక్కలకి పెడతాను. ఆవిడ అడగదు, నేను చెప్పను.

ఇల్లు అమ్మి వెళ్లిపోతే బాగుపడతామా? ఇలాంటిది పడ్డవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

సీతమ్మధార_రాజు

చాలా బాధాకరం సార్. అమ్మేయండి, వేరే ఊరు వెళ్తే కొన్నాళ్లకి అన్నీ సర్దుకుంటాయి. మీరు మగవారు, మీరు ధైర్యంగా ఉంటేనే మేడమ్ ధైర్యంగా ఉంటారు. అమ్మే ముందు ఒకసారి ఎవరైనా మంచి వాస్తు ఆయనకి ఇల్లు చూపించండి, ఆగ్నేయంలో లోపం ఉంటే సంతానానికి ఇబ్బంది అంటారు.

గాజువాక_లక్ష్మి

రాజు గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ ఆ వాస్తు మాట వెనక్కి తీసుకోండి. బిడ్డ పోయిన ఇంట్లో తప్పు ఎక్కడుందా అని తల్లీతండ్రీ రాత్రంతా వెతుక్కుంటూనే ఉంటారు, మీరు ఆగ్నేయం మూల కూడా చూపించక్కర్లేదు.

తమ్ముడూ, మాకు పాప. ఆరేళ్లు. 2017లో డెంగ్యూతో పోయింది. నువ్వడిగిన పని మేం చేశాం, నాలుగో నెలలోనే ఇల్లు మారాం. ఏమైందో చెప్తాను విను. కొత్త ఇంట్లో దిగిన మూడో రోజు పక్కింటావిడ కాఫీ తెచ్చిచ్చి "పిల్లలెంతమంది?" అంది. ఆవిడ తప్పేం లేదు, ఎవరైనా మొదట అడిగేది అదే. లేరంటే పాపని నేనే లేకుండా చేసినట్టు, ఒకతి ఉండేది అంటే ఆ కథంతా మళ్లీ మొదట్నుంచి. గిన్నె కడిగిచ్చే వంకతో లోపలికెళ్లి అరగంట బయటికి రాలేదు. పాత వీధిలో కిరాణా అబ్బాయి, పాలావిడ, ఇస్త్రీ బండి తాత అందరికీ తెలుసు, ఎవరూ అడగరు, పాప పేరు పెట్టి "ఫలానా వాళ్లమ్మా" అని పిలవడం మానేసి ఉత్త "అమ్మా" అనడం మొదలుపెట్టారు, అది కూడా నాకు తర్వాత అర్థమైంది. పదినెలలకి తిరిగి అదే వీధికి వచ్చాం, అద్దె ఎక్కువైనా సరే.

అందుకని అందరూ ఉండిపోవాలని కాదు. మీ ఆవిడ వెళ్దామంటే వెళ్లు, కానీ అమ్మొద్దు. తాళం వేసి మూడు నెలలు వాళ్లమ్మగారింట్లో ఉండండి, సెలవు పెట్టుకోగలిగితే ఇద్దరూ. ఒక్కదాన్నే దింపేసి రావద్దు. ఇల్లు ఎప్పుడైనా అమ్మొచ్చు, అమ్మింది మళ్లీ రాదు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. ఆవిడ అన్నది "మీరొక్కరే" అని కదా! సముద్రం మీద కోపం అని నీకు నువ్వే అనుకున్నావు. ఆవిడ అడిగింది ఎందుకెళ్తున్నావని కాదు తమ్ముడూ, తనని వదిలి ఎందుకెళ్తున్నావని. నువ్వు ఆ మాట వినకుండా వెళ్లడమే మానేశావు, దాంతో ఆవిడకి అదీ పోయింది.

మా ఆయనా అంతే. షెడ్డు నుంచి రాత్రి పదకొండింటికి వచ్చేవాడు, తినేవాడు, పడుకునేవాడు. కూతుర్ని మర్చిపోయాడు, రాయి అనుకున్నాను, ఒకసారి మొహం మీద అనేశాను కూడా. చాలా రోజులకి స్కూల్ వ్యాన్ అబ్బాయి ఎదురుపడి చెప్పాడు, పాప పోయాక కూడా రెండు నెలలు మా ఆయన ఫీజు ఇస్తూనే ఉన్నాడట, ఇక మా వీధికి రావద్దని చెప్పడానికి నోరు రాక. ఆ అబ్బాయి తీసుకోనంటే జేబులో పెట్టి వెళ్లిపోయేవాడట. నాతో ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే నేను అంత మాట అనేదాన్ని కాదు.

ఈత సంగతి నువ్వే ఎత్తు. ఆవిడ ఎత్తాలని చూడకు.

జాలారిపేట_గుంటడు

అన్నా, మాది పెదజాలారిపేట. ఈత గురించి నేను చెప్పాలి.

మన ఒడ్డున మనుషుల్ని తీసుకెళ్లేది పెద్ద అల కాదు, లాగుడు. ఒడ్డుకి కొట్టిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోవాలి కదా, అవి ఒకచోట సందులా చేసుకుని గట్టిగా పోతాయి. ఆ సందులో అల విరగదు, నురగ ఉండదు, చూసేవాళ్లకి మిగతా చోట్ల కంటే అక్కడే నెమ్మదిగా ఉన్నట్టుంటుంది. పిల్లలు అక్కడే దిగుతారు. మొలలోతులో నిలబడ్డోడు కూడా కాళ్ల కింద ఇసుక జారి పోతాడు. ఈత వచ్చినోడు ఒడ్డుకేసి ఎదురీది అలిసిపోతాడు. ఒడ్డు పక్కకి పక్కకి ఈదుకుంటూ ఆ సందులోంచి బయటపడాలి, ఈదలేకపోతే తేలుతూ చెయ్యెత్తాలి. స్విమ్మింగ్ పూల్లో రెండు నెలలు నేర్చుకున్న గుంటడికి ఆ టైంలో అది తడుతుందా? నువ్వు ఈత నేర్పించి ఉంటే బతికేవాడని ఎవడూ చెప్పలేడు. నీమీద జాలితో అనట్లేదు, ఉన్నది ఇదే. ఇది మీ వదినగారితో, సారీ, మా వదినగారితో కూడా చెప్పు.

మా నాన్న పుట్టిందీ పెరిగిందీ నీళ్లలోనే. వేటకెళ్లి రాలేదు, మనిషి దొరకలేదు. మాకు ఇల్లు మారడానికి దారి లేదు, కూడు అందులోంచే రావాలి. అమ్మ నెల తిరక్కుండా చేపల గంప ఎత్తింది. అందరూ గట్టిది అన్నారు. కానీ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపుతారు కదా, ఆ 61 రోజులు అమ్మ గుమ్మం దాటేది కాదు. ఇంజన్ బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, వీధిలో అందరి మొగుళ్లూ ఇంట్లో ఉంటారు. అది చూడలేకపోయేది. సముద్రం చూడటం కాదు. కాబట్టి ఎవరికి ఏది గుచ్చుకుంటుందో పక్కనున్నోడికి తెలీదన్నా, అడగాల్సిందే.

మధురవాడ_సైకాలజీ

లక్ష్మి గారు చెప్పాక నేను చెప్పేది తక్కువే. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అని ఇద్దరు పరిశోధకులు రాసినదాన్ని మా క్లాసులో చెప్తుంటారు: మనిషి దుఃఖంలో ఒక గీత మీద ముందుకు నడవడు, కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు మిగిలిన బతుకు వైపు, అలా ఊగుతూ ఉంటాడు. రెండూ అవసరమే. భార్యాభర్తలకి వచ్చే చిక్కు ఏంటంటే ఇద్దరూ ఒకే టైంలో ఒకే వైపు ఉండరు. మీరు గట్టు మీద కూర్చున్న గంటలో ఆవిడ పచ్చడి పెట్టుకుంటూ ఉండొచ్చు, ఆవిడ ఏడ్చేటప్పుడు మీరు ఫోన్లో ఆఫీసు లెక్కలు చూస్తుండొచ్చు. ఒకరికొకరు రాయిలా కనపడతారు.

బిడ్డ పోతే చాలా కాపురాలు విడిపోతాయని ఒక మాట తిరుగుతుంటుంది, దాన్ని పట్టించుకోకండి, ఆ లెక్కకి గట్టి ఆధారం లేదు.

నిద్ర, తిండి బాగా తగ్గిపోయినా, వాడి దగ్గరికే వెళ్లిపోవాలి లాంటి మాటలు ఇద్దరిలో ఎవరి నోట వచ్చినా ఆలస్యం చేయకండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు ఏ టైంలోనైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు, కేంద్రం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. మీ ఇంటి పక్కనే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. తెలుసు, మన జిల్లాల్లో వాల్తేరు పంపాలి అంటే ఏం అర్థమో, ఆ గేటు దాటడానికి ఎంత మొహమాటమో. అందుకే ముందు ఫోన్ నంబర్ రాశాను.

అక్కయ్యపాలెం_ఇద్దరం

పిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి క్లుప్తంగా. మేం ఐవీఎఫ్ రెండుసార్లు చేయించుకున్నాం, రెండూ నిలవలేదు, ఐదు లక్షలు దాటింది. చట్టం ప్రకారం ఆడవాళ్లకి 50, మగవాళ్లకి 55 దాకా చేయొచ్చు కానీ ఒళ్లు చట్టం చూసుకోదు, 39 అంటే డాక్టర్‌ని కలవాలనుకుంటే త్వరగా కలవడమే మంచిది. కలిసినంత మాత్రాన చేయించుకోవాలని లేదు.

దత్తత అయితే కారా, అంటే కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ, పోర్టల్‌లో పేరు నమోదు చేయాలి. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే ఇద్దరి వయసులూ కలిపి 85 దాటకూడదు, రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకైతే 90. మీది ఇప్పుడు 83, ఏడాదికి రెండు చొప్పున పెరుగుతుంది. నమోదు చేసిన రోజు వయసే లెక్క, ఆ తర్వాత బిడ్డ రావడానికి ఏళ్లు పడుతుంది. అయితే ఇంటికొచ్చే సోషల్ వర్కర్ మీ బాబు గురించి తప్పకుండా అడుగుతారు, ఇద్దరినీ విడివిడిగా కూడా అడుగుతారు. బాబు పేరు మీరిద్దరూ ఒకరి ముందు ఒకరు అనగలిగే దాకా ఆ ఫారం జోలికి వెళ్లకండి అని నా సలహా. అక్కగారి పిల్లాడి విషయం మాత్రం మీరే మీ అక్కకి ఫోన్ చేసి వద్దని చెప్పాలి, మీ ఆవిడ నోటితో చెప్పించొద్దు.

పెదవాల్తేరు_44

పదిరోజులైంది, అందరికీ విడివిడిగా రాయలేకపోయాను, ఏమనుకోకండి. అక్కకి ఫోన్ చేశాను. ఏడ్చింది, ఒప్పుకుంది.

జాలారిపేట తమ్ముడు రాసింది చదివి వినిపించాను. లాగుడు దగ్గర ఆపి మళ్లీ చదవమంది. ఈత మాట నేనే ఎత్తాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆ రోజు బీచ్‌కి వెళ్తానంటే సరే అన్నది నేను కదా" అంది. పదమూడు నెలలుగా ఆవిడ అది మోస్తోందని నాకు తెలీదు. లక్ష్మక్కా, నువ్వన్నది నిజం.

విజయనగరం డిసెంబర్‌లో వెళ్తున్నాం, ఇద్దరం, తాళం వేసే. బాల్కనీ తలుపు ఇంకా గడియే.

నిన్న పొద్దున్న ఐదింటికి నేను కవర్ తీసుకుంటుంటే చీర మార్చుకుని వచ్చి నిలబడింది. బీచ్ దాకా రానంది, సందు చివరి వరకే వస్తానంది. సరే అన్నాను. కుక్కలు మొత్తం ఐదు, మమ్మల్ని చూడగానే పరిగెత్తుకొచ్చాయి. అన్నం పెడుతుంటే నేను ఉండబట్టలేక, రోజూ మూడు గ్లాసులు ఎందుకు పోస్తున్నావు, ఇక తగ్గించకూడదా అన్నాను. నావైపు వింతగా చూసింది. "తగ్గిస్తే వీటికేం పెడతారు?" అంది.